తల్లిదండ్రుల్లో ఒకరు బిడ్డను తీసుకుని వెళ్ళిపోతే: మొదటి రోజు నుంచి చేయవలసిన పనులు

కొన్నేళ్ళ క్రితం మన కోస్తా పల్లెటూరి ఇంట్లో ఏడేళ్ళ పాప ఒకతె తన బ్యాగులో ఒక బొమ్మల పుస్తకాన్ని తువ్వాలులో చుట్టి దాచుకునేది. అది అమెరికాలో ఆమె చదివిన బడి లైబ్రరీది. పది రోజులు అమ్మమ్మగారి ఊరు వెళ్ళి వద్దామని చెప్పి తల్లి తీసుకొచ్చింది. ఆ పది రోజులు పద్నాలుగు నెలలయ్యాయి. నాన్న ఎప్పుడొస్తాడని అడగడం పాప మానేసింది గాని, పుస్తకం గడువు దాటిపోయిందని, తిరిగి వెళ్ళాక టీచరు కోప్పడుతుందని మాత్రం అమ్మమ్మతో ప్రతి ఆదివారమూ చెప్పేది. న్యాయవాదిగా ఆ కేసు కాగితాలు నా చేతికి వచ్చినప్పుడు ఇరువైపుల అఫిడవిట్లూ తిరగేశాను. జీతాలు, నగలు, తిట్టుకున్న మెసేజీలు అన్నీ వాటిలో ఉన్నాయి. ఆ పుస్తకం ఊసు మాత్రం ఎక్కడా లేదు.

తల్లి గాని తండ్రి గాని, రెండోవారికి చెప్పకుండా లేదా వారి అంగీకారం లేకుండా బిడ్డను వేరే ఊరికో దేశానికో తీసుకుపోయి అక్కడే ఉంచేయడం గురించి ఈ వ్యాసం. సెలవులకని తీసుకెళ్ళి తిరిగి పంపకపోవడం కూడా ఇందులోకే వస్తుంది. నిజానికి నా అనుభవంలో ఎక్కువ కేసులు అలాగే మొదలవుతాయి. "సొంత బిడ్డను తీసుకెళ్ళడం తప్పెలా అవుతుంది?" అని పెద్దలు అడుగుతారు. తీసుకెళ్ళినవారికి బిడ్డ మీద ప్రేమ లేదని ఎవరూ అనడం లేదు. అయితే ఆ ఒక్క ప్రయాణంతో బిడ్డకు తండ్రో తల్లో మాత్రమే కాక, పడుకునే మంచం, పక్కింటి నేస్తం, బడి, నాయనమ్మ చేతి ముద్ద, ఒక్కోసారి మాట్లాడే భాష కూడా ఒకే రోజున పోతాయి. అది ఎందుకు జరిగిందో ఎవరూ చెప్పరు కనుక బిడ్డ తనకు తోచిన కారణం తనే కల్పించుకుంటాడు, ఆ కారణం తరచుగా తన తప్పే అయి ఉంటుంది. రాత్రిళ్ళు పక్క తడపడం, ఉన్న ఒక్కరూ బాత్‌రూముకు వెళ్ళినా తలుపు దగ్గర నిలబడి ఏడవడం, వెళ్ళిపోయినవారి పేరెత్తగానే మౌనం వహించడం మేము మళ్ళీ మళ్ళీ చూసేవే. చిన్నప్పుడు ఇలా తీసుకుపోబడి ఇప్పుడు పెద్దవారైన కొందరితో బ్రిటన్‌కు చెందిన పరిశోధకురాలు మార్లిన్ ఫ్రీమన్ మాట్లాడి 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. దశాబ్దాలు గడిచినా తమ మనసు మీద దాని ప్రభావం బలంగా ఉందని వారిలో అధికులు చెప్పారు.

ఈ వ్యవహారంలో అన్నిటికన్నా ముఖ్యమైనది కాలం. బిడ్డ కొత్తచోట ఎన్ని నెలలు ఉంటే అంతగా అక్కడ వేళ్ళూనుకుంటాడు, ఆ వేళ్ళను మళ్ళీ పెరకడానికి ఏ న్యాయమూర్తికైనా చేయి రాదు. అందువల్ల కోపం చల్లారాక చూద్దామని, పండగకు వాళ్ళే వస్తారులే అని ఆగకండి.

మొదటి రెండు రోజులు

బిడ్డ క్షేమంగా ఉన్నాడా లేదా అన్నది ముందుగా తెలుసుకోవాలి. అవతలివారికి ఒక మెసేజ్ పంపండి. అందులో తిట్లు, బెదిరింపులు ఉండకూడదు. "బాబు ఎక్కడ ఉన్నాడు, ఎలా ఉన్నాడు, వాడితో ఈ సాయంత్రం మాట్లాడాలి, వాడిని ఇంటికి తీసుకురావడానికి నేను అంగీకరిస్తున్నాను, అక్కడే ఉంచడానికి అంగీకరించడం లేదు" అన్న నాలుగు ముక్కలు చాలు. ఈ చివరి మాట రాతలో ఉండడం చాలా అవసరం, ఎందుకంటే ఆరు నెలల తరువాత "ఆయనకు తెలిసే తీసుకొచ్చాను, ఒప్పుకునే పంపారు" అన్న వాదన తప్పకుండా వస్తుంది. ఎన్నిసార్లు ఫోన్ చేశారో, ఎవరు ఎత్తారో, ఏమన్నారో తేదీలతో ఒక నోటుబుక్కులో రాసుకోండి. పాత మెసేజీల్లో మీకు సిగ్గనిపించేవి ఉన్నా తీసేయకండి, తీసేసినట్టు బయటపడితే మిగిలినవాటిని కూడా కోర్టు నమ్మదు.

అదే రోజు అపార్ట్‌మెంట్ సంఘానికి, బడికి రాతపూర్వకంగా ఉత్తరం ఇచ్చి, సీసీ కెమెరా రికార్డును, గేటు రిజిస్టరును భద్రపరచమని అడగండి. చాలాచోట్ల కెమెరా రికార్డు కొద్దిరోజుల్లోనే దానంతట అదే చెరిగిపోతుంది. బిడ్డ మామూలుగా ఎక్కడ ఉండేవాడో చూపే కాగితాలను, అంటే బడి హాజరు, ఫీజు రసీదులు, టీకాల కార్డు, ఆధార్, డాక్టరు చీటీలను ఒకచోట చేర్చండి. ఇవి తరువాత మీ పిటిషన్‌కు వెన్నెముక అవుతాయి.

పోలీస్ స్టేషన్‌కు వెళితే "ఇది మీ ఇంటి గొడవ, కోర్టుకు వెళ్ళండి" అని చెప్పి పంపేయడం సర్వసాధారణం. ఆ మాటలో కొంత చట్టమూ ఉంది: కోర్టు ఉత్తర్వు ఏదీ లేనప్పుడు సహజ సంరక్షకులైన తల్లి లేదా తండ్రి బిడ్డను తీసుకెళ్ళడాన్ని భారతీయ న్యాయ సంహిత 137వ సెక్షన్ కింద కిడ్నాప్‌గా చూడడానికి మన కోర్టులు సాధారణంగా ఒప్పుకోవు. కానీ బిడ్డ ఎక్కడున్నాడో తెలియనప్పుడు సంగతి వేరు; కనిపించకుండా పోయిన పిల్లల ఫిర్యాదులన్నిటినీ ఎఫ్‌ఐఆర్‌గా నమోదు చేయాలని సుప్రీంకోర్టు 2013లో ఆదేశించింది. ఫిర్యాదును రాసి ఇచ్చి, రసీదు తీసుకోండి. తీసుకోకపోతే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173(4) ప్రకారం జిల్లా ఎస్పీకి పోస్టులో పంపవచ్చు. తీసుకెళ్ళింది ఎవరో తెలిసి కూడా తెలియనట్టు రాయకండి, జరగని హింసను జోడించకండి. ఆ క్షణంలో ఎవరో ఇచ్చిన సలహాతో రాసిన ఒక్క అబద్ధం ఆ తరువాత ఐదేళ్ళు మిమ్మల్ని వెంటాడుతుంది. బిడ్డకు ప్రమాదం ఉందని నిజంగా అనుమానముంటే అత్యవసర సేవల నంబరు 112కు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కు వెంటనే ఫోన్ చేయండి.

పెద్దమనుషుల పంచాయితీ గురించి కూడా చెప్పాలి. అది పూర్తిగా పనికిరానిదని నేను అనను. మామగారి మాట వినని అల్లుడు మేనమామ మాట వినడం, ఆ పూటకు బిడ్డతో ఫోన్ కలవడం నేను చూశాను. అయితే పంచాయితీకి ఒక వారం గడువు పెట్టుకోండి, ఆ వారంలోనే పిటిషన్ తయారు చేయించుకోండి. ఖాళీ స్టాంపు కాగితం మీద గాని, "పరీక్షలయ్యేదాకా బిడ్డ అక్కడే ఉంటాడు" అన్న రాతల మీద గాని సంతకం చేయకండి.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు ఎదురు ఎత్తుకురావడం. బంధువులను రెండు కార్లలో వేసుకుని బడి గేటు దగ్గర కాపు కాసి, బిడ్డను లాక్కుని వచ్చేవారున్నారు. అలా ఒక ఆరేళ్ళ పిల్లవాడు తల్లి ఒక చేయి, తండ్రి తమ్ముడు ఒక చేయి పట్టుకుని లాగిన పూట నుంచి నెలల తరబడి బడి గేటు కనిపిస్తే చాలు, ఆటోలోంచి దిగేవాడు కాదు. మీరు చేసిన పని, అవతలివారు చేసిన పని అప్పటి నుంచి ఒకటే అయిపోతుంది, బిడ్డకు మాత్రం అది రెండోసారి.

కోర్టులో ఏ దారి

దేశం లోపలే అయితే రెండు దారులు. మొదటిది గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం, 1890 కింద కుటుంబ న్యాయస్థానంలో వేసే పిటిషన్. ఈ చట్టం 9వ సెక్షన్ ప్రకారం బిడ్డ మామూలుగా నివసించే చోట ఉన్న కోర్టుకే అధికారం ఉంటుంది. కాబట్టి హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన బిడ్డను రాత్రికి రాత్రి శ్రీకాకుళం తీసుకెళ్ళినంత మాత్రాన మీరు శ్రీకాకుళం కోర్టు చుట్టూ తిరగనవసరం లేదు, ఆలస్యం చేయకపోతే. ఆలస్యం చేస్తే "ఇప్పుడు బిడ్డ ఇక్కడే ఉంటున్నాడు" అన్న మాటకు బలం వస్తుంది. పిటిషన్‌తో పాటే 12వ సెక్షన్ కింద బిడ్డను కోర్టు ముందు హాజరుపరచాలని, ఈలోగా రాష్ట్రం దాటించకూడదని, రోజూ ఫోన్‌లో మాట్లాడనివ్వాలని మధ్యంతర దరఖాస్తులు వేయించండి. అసలు కేసు తేలడానికి ఏళ్ళు పట్టవచ్చు గనుక మధ్యంతర ఉత్తర్వే మీ బిడ్డ జీవితాన్ని ప్రస్తుతానికి నిర్ణయిస్తుంది; దాని మీద పెట్టవలసిన శ్రద్ధను చాలామంది న్యాయవాదులు పెట్టరు, మీరు అడిగి పెట్టించాలి.

రెండోది హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే ఎవరి అధీనంలోనో ఉన్న వ్యక్తిని కోర్టు ముందు హాజరుపరచమని కోరే రిట్ పిటిషన్. బిడ్డ ఎవరి దగ్గర ఉన్నాడో వారి అధీనం చట్టవిరుద్ధమైనప్పుడు, ముఖ్యంగా కోర్టు ఉత్తర్వును ధిక్కరించినప్పుడు, తల్లిపాలు తాగే పసిబిడ్డను విడదీసినప్పుడు ఇది వేగంగా పనిచేస్తుంది. ఈ రిట్ తల్లిదండ్రుల మధ్య కూడా చెల్లుతుందని, అయితే లోతైన విచారణ అవసరమైన చోట హైకోర్టు కుటుంబ న్యాయస్థానానికి పంపవచ్చునని సుప్రీంకోర్టు 2019లో స్పష్టం చేసింది. హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టం, 1956 ప్రకారం ఐదేళ్ళ లోపు బిడ్డ సాధారణంగా తల్లి దగ్గర ఉండాలి, ఏ వయసులోనైనా బిడ్డ క్షేమమే అన్నిటికన్నా పైమాట. ఖర్చుకు భయపడి ఆగకండి: మహిళలకు, పిల్లలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది, 15100కు ఫోన్ చేసి అడగవచ్చు.

దేశం దాటినప్పుడు

అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియాల్లో స్థిరపడిన మన కుటుంబాలకు అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. ఇలా తీసుకుపోయిన పిల్లలను వారు మామూలుగా నివసించే దేశానికి త్వరగా తిరిగి పంపడం కోసం 1980 అక్టోబరు 25న హేగ్‌లో ఒక అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. వందకు పైగా దేశాలు అందులో ఉన్నాయి, మన దేశం లేదు. చేరాలని లా కమిషన్ 2009లో తన 218వ నివేదికలో సిఫారసు చేసింది, 2016లో 263వ నివేదికలో ఒక ముసాయిదా చట్టాన్ని కూడా సూచించింది. పరాయి దేశంలో భర్త చేతిలో దెబ్బలు తిని బిడ్డను ఎత్తుకుని పుట్టింటికి పారిపోయి వచ్చిన స్త్రీని ఆ ఒప్పందం మళ్ళీ అదే చోటికి నెడుతుందన్న ఆందోళనే చేరకపోవడానికి ముఖ్య కారణం. ఆ ఆందోళన నిజమైనదే. అయితే చేరకపోవడం వల్ల, ఏ హింసా లేని కుటుంబాల్లో పిల్లలు కూడా ఏళ్ళ తరబడి మధ్యలో చిక్కుకుపోతున్నారన్నదీ అంతే నిజం.

అమెరికా నుంచి బిడ్డను ఇక్కడికి తీసుకొచ్చి ఉంచేస్తే, అక్కడ ఉన్న తల్లి లేదా తండ్రి ముందుగా ఆ రాష్ట్ర కోర్టులో కస్టడీ ఉత్తర్వు తెచ్చుకోవాలి. మాసచూసెట్స్ తప్ప మిగిలిన రాష్ట్రాలన్నీ అనుసరించే కస్టడీ అధికార పరిధి చట్టం ప్రకారం, బిడ్డ కేసుకు ముందు వరుసగా 6 నెలలు నివసించిన రాష్ట్రమే "హోమ్ స్టేట్" అవుతుంది. బిడ్డ వెళ్ళిపోయి 6 నెలలు దాటకముందే అక్కడ కేసు వేయాలి. ఆ ఉత్తర్వుతో బిడ్డ ఎక్కడ ఉంటే ఆ హైకోర్టులో, అంటే ఆంధ్రప్రదేశ్ లేదా తెలంగాణ హైకోర్టులో, హెబియస్ కార్పస్ వేస్తారు. ఇక్కడి కోర్టు విదేశీ ఉత్తర్వును గౌరవిస్తుంది గాని దానికి కట్టుబడదు. అది పరిశీలించవలసిన విషయాల్లో ఒకటి మాత్రమేనని, బిడ్డ క్షేమమే నిర్ణాయకమని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. దాని అర్థం తిరిగి పంపదని కాదు. 2019లో అమెరికా నుంచి హైదరాబాద్‌కు వచ్చిన ఇద్దరు చిన్నపిల్లల విషయంలో తిరిగి పంపాలన్న హైకోర్టు ఆదేశాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. దాచి ఉంచితే కాలం గడిచిపోతుందని లెక్కవేసేవారికి 2009 నాటి తీర్పు గుర్తు చేస్తాను: ఊళ్ళు మారుస్తూ తిప్పిన బిడ్డను రెండేళ్ళ తరువాత సీబీఐ చెన్నైలో కనుగొంది, అలా తిరిగిన బిడ్డకు ఇక్కడ వేళ్ళే లేవని చెప్పి సుప్రీంకోర్టు అమెరికాకు పంపించింది.

ఇక్కడి నుంచి అక్కడికి తీసుకుపోతే తలకిందుగా అదే పని: ముందు ఇక్కడి కుటుంబ న్యాయస్థానంలో ఉత్తర్వు, ఆ తరువాత ఆ అమెరికా రాష్ట్ర కోర్టులో దాని అమలు కోసం దరఖాస్తు. ఆ రాష్ట్రాల చట్టం విదేశాన్ని కూడా మరో రాష్ట్రంలాగే పరిగణించి, అవతలివారికి నోటీసు ఇచ్చి సక్రమంగా జారీ చేసిన ఉత్తర్వును అమలు చేస్తుంది. అందువల్ల అవతలివారు హాజరు కాకుండానే ఎక్స్‌పార్టీ ఉత్తర్వు వచ్చిందని సంబరపడకుండా నోటీసు అందినట్టు రుజువును జాగ్రత్త చేయండి. ఢిల్లీలోని జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌లో ఇటువంటి దేశాంతర కేసుల కోసం ఒక మధ్యవర్తిత్వ విభాగం ఉంది. కోర్టు కేసు నడుస్తున్నా దానికి రాయవచ్చు. అమెరికాలో ఇలా బిడ్డను దేశం దాటించడం 1993 చట్టం కింద మూడేళ్ళ వరకు శిక్ష పడే ఫెడరల్ నేరం కూడా. ఆ క్రిమినల్ కేసు పెట్టేముందు పదిసార్లు ఆలోచించమని నా సలహా, ఎందుకంటే అరెస్టు భయం ఉన్న తల్లి బిడ్డను తీసుకుని తిరుగు విమానం ఎక్కదు.

అనుమానం ముందే కలిగితే

ఉద్యోగానికి హఠాత్తుగా రాజీనామా, బడిలో టీసీ కోసం అడగడం, జనన ధ్రువపత్రం నకళ్ళు తీయించడం, బిడ్డ పాస్‌పోర్టు బీరువాలో కనిపించకపోవడం వంటివి రెండు మూడు కలిసి వస్తే తేలికగా తీసుకోకండి. బిడ్డకు పాస్‌పోర్టు ఇంకా లేకపోతే, మీ అంగీకారం లేదని ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయానికి ముందే రాయండి. ఎందుకంటే ఒకరి అంగీకారం లేకపోయినా అనుబంధం-సి అనే ప్రకటన పత్రంతో రెండోవారు దరఖాస్తు చేసే వీలుంది. అమెరికా పౌరసత్వం ఉన్న బిడ్డ అయితే అక్కడి విదేశాంగ శాఖ నడిపే పిల్లల పాస్‌పోర్టు హెచ్చరిక కార్యక్రమంలో పేరు నమోదు చేయించండి, ఎవరైనా కొత్త పాస్‌పోర్టుకు దరఖాస్తు చేస్తే మీకు కబురు వస్తుంది. ఆ దేశంలో బయటికి వెళ్ళేటప్పుడు ఇమిగ్రేషన్ తనిఖీ ఉండదు, కాబట్టి విమానాశ్రయంలో ఎవరో ఆపుతారని ఆశించకండి. ఇక్కడ కోర్టు ద్వారా పాస్‌పోర్టును డిపాజిట్ చేయించడం, అవసరమైతే దేశం దాటకుండా విమానాశ్రయాల్లో ఆపే లుకౌట్ సర్క్యులర్ జారీ చేయించడం సాధ్యమే.

మీరే వెళ్ళిపోవలసిన స్థితిలో ఉంటే, అంటే ఇంట్లో దెబ్బలు, ప్రాణభయం ఉంటే, బిడ్డతో సహా బయటపడండి. ఈ వ్యాసంలోని ఏ మాటా మిమ్మల్ని ఆ ఇంట్లో ఉండమని చెప్పడానికి కాదు. కానీ బయటపడిన వారంలోపే మీరే కోర్టుకు వెళ్ళండి: గృహహింస చట్టం, 2005 లోని 21వ సెక్షన్ కింద బిడ్డ తాత్కాలిక కస్టడీని మేజిస్ట్రేట్ మీకు ఇవ్వవచ్చు. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే దారి చూపుతారు. దాక్కోవడానికి, రక్షణ కోరడానికి మధ్య తేడా కోర్టుకు మీరు వేసిన ఆ ఒక్క కాగితంతోనే తెలుస్తుంది.

బిడ్డతో మాట, బిడ్డ తిరిగి రాక

వేర్వేరు ఊళ్ళలో, దేశాల్లో ఉన్నప్పుడు కస్టడీ లేని తల్లి లేదా తండ్రికి బిడ్డతో రోజూ 5 నుంచి 10 నిమిషాలు మాట్లాడే హక్కు ఉండాలని సుప్రీంకోర్టు 2020 జనవరిలో చెప్పింది. ఆ తీర్పును మీ దరఖాస్తులో తప్పక ఉదహరించండి. ఫోన్ కలిసిన మొదటి రోజు బిడ్డ మాట్లాడకపోవచ్చు. ఒక తండ్రికి తొమ్మిది రోజుల పాటు తెర మీద సీలింగ్ ఫ్యాను తప్ప ఏమీ కనిపించలేదు, పిల్లవాడు ఫోన్‌ను మంచం మీద వెల్లకిలా పెట్టి పక్కన ఆడుకునేవాడు. ఆయన "నాన్నను చూడవా" అని ఒక్కసారి కూడా అనకుండా, ఇంట్లో కుక్కపిల్ల ఆ రోజు ఏం చేసిందో ఫ్యానుకే చెబుతూ వచ్చాడు. పదో రోజున ఒక కన్ను, ఒక చెవి తెర మీదికి వచ్చాయి. "ఎప్పుడొస్తావు", "నేను గుర్తున్నానా", "అమ్మ నా గురించి ఏమంటోంది" అన్న ప్రశ్నలు బిడ్డ మోయలేనివి. హోంవర్కు, ఊడిన పన్ను, తిన్న టిఫిను గురించి అడగండి.

తిరిగి వచ్చే రోజున బిడ్డను అప్పగించడం పోలీస్ స్టేషన్‌లో గాని, కోర్టు వరండాలో గాని జరగకుండా చూడమని న్యాయమూర్తిని కోరవచ్చు. వెంట పదిమంది చుట్టాలు వద్దు. బిడ్డ అక్కడి నుంచి తెచ్చుకున్న దుప్పటినో బొమ్మనో "ఆ ఇంటిది" అని తీసి పారేయకండి, అక్కడ నేర్చుకున్న మాటలను, అక్కడి స్నేహితుల పేర్లను ఇంట్లో పలకనివ్వండి. ఇదీ బిడ్డకు మరో ఊడబెరకడమేనని గుర్తుంటే, మిమ్మల్ని చూసి పరుగెత్తుకుని రాలేదని మనసు కష్టపెట్టుకోరు. బడిలో క్లాసు టీచరుకు ముందుగా చెప్పి ఉంచండి, నిద్ర పట్టకపోవడం కొన్ని వారాలకు మించి సాగితే పిల్లల మానసిక వైద్యుణ్ణి కలవండి.

ఆ మొదటి రాత్రే, మీకు ఎంత కోపమున్నా, అవతలివారికి ఫోన్ కలిపి బిడ్డ చేతికివ్వండి. ఆ లైబ్రరీ పుస్తకం పాప తిరిగి వెళ్ళిన రోజు తండ్రి ఆమెను నేరుగా ఇంటికి తీసుకెళ్ళలేదు. విమానాశ్రయం నుంచి దారిలో బడి దగ్గర ఆపాడు. పుస్తకం టేబుల్ మీద పెట్టి పాప వణుకుతూ నిలబడితే, లైబ్రరీలో ఉన్నామె దాన్ని తిరగేసి చూసి, నీకు ఇంకా కావాలా అని అడిగిందట. ఆ సాయంత్రం పాప ఫోన్‌లో తల్లికి మొదట చెప్పిన సంగతి అదే.